తెలుగు సేవా వెబ్‌సైట్లు, దివ్యాంగుల వాడుక: తనిఖీ పరికరం ఇచ్చే మార్కులు పరిశోధనకు సరిపోతాయా?

గుంటూరు_జిజ్ఞాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఎంసీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రజలకు సేవలందించే తెలుగు వెబ్‌సైట్లు దివ్యాంగులకు ఎంతవరకు అందుబాటులో ఉన్నాయన్నది నా ప్రాజెక్టు అంశం. బస్సు టికెట్లు, కరెంటు బిల్లు, ధ్రువపత్రాల దరఖాస్తులు, పరీక్ష ఫలితాల కోసం మన ప్రాంతంలో ఎక్కువమంది తెరిచే సైట్లను కొన్నింటిని ఎంచుకుని, వాటిలోని ముఖ్యమైన పేజీలను వేవ్, లైట్‌హౌస్ అనే రెండు తనిఖీ పరికరాలతో (పేజీలోని లోపాలను వాటంతటవే వెతికే సాఫ్ట్‌వేర్లతో) పరీక్షించాను. వచ్చిన లోపాలను, వెబ్ అందుబాటుకు అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1 మార్గదర్శకాల్లో మధ్య స్థాయి అయిన డబుల్ ఏకి సరిపోల్చి పట్టికలుగా వేశాను.

ఇంతవరకు పని సాఫీగానే సాగింది. అయితే లైట్‌హౌస్ నూటికి తొంభైకి పైగా మార్కులు వేసిన ఒక సైటును మా పక్కింట్లో ఉండే, చూపు లేని డిగ్రీ విద్యార్థి తన ఫోనులో తెరిస్తే, బయలుదేరే ఊరు ఎంచుకునే దగ్గరే ఆగిపోవలసి వచ్చింది. మార్కులు చూస్తే ఆ పేజీలో చెప్పుకోదగ్గ లోపమే లేదు. మరి ఆ అబ్బాయి ఎందుకు ముందుకు వెళ్లలేకపోయాడో నా పట్టికల్లో ఎక్కడా కనిపించడం లేదు.

వాడుకరులతో పరీక్షలంటే చాలా సమయం పడుతుందని, ప్రమాణాలతో సరిపోల్చిన పట్టికలు ఈ స్థాయి ప్రాజెక్టుకు చాలని మా గైడ్ గారు అంటున్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, ఎందుకంటే నాకు మిగిలింది ఒక్క సెమిస్టరే. ఈ పరిస్థితిలో మనుషులతో పరీక్ష పెట్టడం నిజంగా అవసరమా, అవసరమైతే ఎంతమందితో, ఏ పద్ధతిలో చేస్తే ఆ ఫలితాన్ని పరిశోధన అనవచ్చు అన్నది నా సందేహం. అయిదుగురు చాలన్న మాట ఎక్కడో చదివాను, అది ఇక్కడ వర్తిస్తుందో లేదో కూడా తెలిసినవారు చెప్పగలరు.

కృష్ణలంక_శ్రోత

జిజ్ఞాసి గారూ, నేను విజయవాడలో బ్యాంకు ఉద్యోగిని. నాకు పుట్టుకతో చూపు లేదు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఫోనులో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్లు, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు, వాడతాను. పరిశోధన పద్ధతుల గురించి చెప్పగలిగినవారు వేరే ఉంటారు కాబట్టి, ఆ విద్యార్థి ఎందుకు ఆగిపోయి ఉంటాడో నాకు తెలిసినంతలో రాస్తాను.

ఊరి పేరు టైపు చేయవలసిన గడికి లేబుల్ ఉందా లేదా అన్నది మాత్రమే పరికరం చూస్తుంది. లేబుల్ ఉంటే మార్కు వేసేస్తుంది. కానీ మనం 'గుం' అని టైపు చేయగానే గడి కింద ఒక జాబితా తెరుచుకుంటుంది, అందులోంచి ఒక పేరును ఎంచుకుంటే తప్ప సైటు ఆ ఊరిని అంగీకరించదు. ఆ జాబితా తెరుచుకున్న సంగతి స్క్రీన్ రీడర్‌కు తెలిసేలా కోడ్ రాయకపోతే, మా చెవికి ఏమీ వినిపించదు. మేము ఊరి పేరు పూర్తిగా టైపు చేసి ముందుకు వెళతాం, సైటు 'సరైన ఊరిని ఎంచుకోండి' అని ఎర్ర అక్షరాల్లో చూపిస్తుంది, ఆ ఎర్ర అక్షరాలు కూడా మాకు వినిపించవు. పరికరం పేజీని తెరిచిన క్షణంలో ఎలా ఉందో అలా చూసి వదిలేస్తుంది. మా కష్టమంతా పేజీతో పని మొదలుపెట్టిన తరువాతే ఎదురవుతుంది.

తెలుగు సైట్లకే ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని ఉన్నాయి, మీ ప్రాజెక్టుకు అసలు బలం వాటిలోనే ఉందని నా అభిప్రాయం. మన డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ అను ఫాంట్లతో టైపు చేస్తారు. ఆ పద్ధతిలో తెర మీద కనిపించేది తెలుగే అయినా, లోపల నిల్వ ఉండేవి ఆంగ్ల అక్షరాల, గుర్తుల సంకేతాలు. అలా తయారైన నోటిఫికేషన్‌ను పీడీఎఫ్‌గా సైటులో పెడితే, చూపున్నవారు హాయిగా చదువుకుంటారు, నాకు మాత్రం పొంతన లేని ఆంగ్ల అక్షరాల మూట వినిపిస్తుంది. స్కాన్ చేసిన కాగితమైతే అది కూడా వినిపించదు. మీ పరికరాలు వెబ్ పేజీని చూస్తాయే గాని, దాని నుంచి తెరుచుకునే పీడీఎఫ్‌లోకి తొంగిచూడవు. ఒకవేళ పేజీలోనే అటువంటి అక్షరాలు ఉన్నా, అక్కడ ఏదో పాఠం ఉందనుకుని ముందుకు సాగిపోతాయి.

ఇక భాష గుర్తు విషయం. పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో ఒక చోట చెప్పాలి. అక్కడ ఆంగ్లమని రాసి, లోపల పాఠమంతా తెలుగులో పెట్టిన సైట్లు కొల్లలు. పరికరం భాష గుర్తు ఉందని చూసి తృప్తి పడుతుంది, ఆ గుర్తు నిజమా కాదా అని సాధారణంగా అడగదు. స్క్రీన్ రీడర్ మాత్రం ఆ మాట నమ్మి ఆంగ్ల గొంతుతో చదవడానికి పూనుకుంటుంది, దాంతో తెలుగు అక్షరాలను దాటవేయడమో, అర్థం కాని ధ్వనులుగా పలకడమో జరుగుతుంది. అలాగే నోటిఫికేషన్ మొత్తాన్ని ఒక బొమ్మగా పెట్టి, దాని ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మకు బదులుగా స్క్రీన్ రీడర్ చదివే వివరణలో) 'ప్రకటన' అని ఒక్క ముక్క రాస్తారు. ఆల్ట్ టెక్స్ట్ ఉంది కాబట్టి మార్కు పడుతుంది, అది ఏ పోస్టుకో, చివరి తేదీ ఎప్పుడో మాత్రం నాకు తెలియదు.

వెబ్‌ఎయిమ్ సంస్థ 2024లో ప్రచురించిన స్క్రీన్ రీడర్ వాడుకరుల సర్వేలో, పెద్ద పేజీలో కావలసిన సమాచారం వెతకడానికి మొదట హెడింగుల మీద ఆధారపడతామని 71.6 శాతం మంది చెప్పారు. నేనూ అంతే. మన సైట్లలో శీర్షికలు కంటికి పెద్దవిగా, లావుగా కనిపిస్తాయి గాని, కోడ్‌లో హెడింగులుగా ఉండవు. అందుచేత పేజీని మొదటి నుంచి చివరి దాకా వినవలసి వస్తుంది, ఈలోగా సెషన్ గడువు తీరిపోతుంది. బస్సులో సీట్ల పటం గురించి రాయాలంటే ఇంకో పేజీ కావాలి: ఏ సీటు మీద ఆగినా 'బటన్, బటన్' అనే మాట తప్ప సీటు నంబరు గాని, ఖాళీగా ఉందో లేదో గాని వినిపించని సైటులో టికెట్ కొనడం కంటే, బస్టాండుకు వెళ్లి వరుసలో నిలబడటమే నాకు త్వరగా తెమిలే పని.

బీటెక్_మూడో_ఏడు

మనుషులు దొరకడం కష్టమైతే, తరగతిలోని మిత్రులకు కళ్లకు గంతలు కట్టి స్క్రీన్ రీడర్‌తో అవే పనులు చేయించవచ్చు కదా? మా కాలేజీ వర్క్‌షాపులో అలాగే చేశాము. అందరికీ దివ్యాంగుల ఇబ్బంది బాగా అర్థమైంది.

పరిశోధన_బల్ల

జిజ్ఞాసి గారి ప్రశ్నకు చేరేముందు గంతల సంగతి. స్క్రీన్ రీడర్‌ను ఆ రోజే మొదటిసారి విన్న విద్యార్థి తడబడితే, ఆ తడబాటు సైటు వల్ల వచ్చిందో, అతని అలవాటు లేమి వల్ల వచ్చిందో విడదీయడానికి వీలుండదు. ఏళ్ల తరబడి దానితో పని చేసినవారు సైటు లోపాన్ని దాటడానికి ఎన్నో ఉపాయాలు కనిపెట్టుకుని ఉంటారు. ఆ ఉపాయాలు కూడా పనిచేయని చోటునే పరిశోధన పట్టుకోవాలి. డెవలపర్లకు అవగాహన కలిగించే కార్యక్రమంగా గంతల వర్క్‌షాపు పెట్టుకోవచ్చు, దాని ఫలితాలను మాత్రం దత్తాంశంగా థీసిస్‌లో పెట్టకూడదు.

పరికరాలను పూర్తిగా తీసిపారేయనక్కరలేదు. వెబ్‌ఎయిమ్ ఏటా పది లక్షల ముఖపుటలను యంత్రంతోనే పరీక్షిస్తుంది, 2025లో వాటిలో 94.8 శాతం పుటల్లో డబ్ల్యూసీఏజీ లోపాలు దొరికాయి, 79.1 శాతం పుటల్లో అక్షరాలకు, నేపథ్యానికి మధ్య తగినంత రంగు తేడా లేదు. అంత విస్తారమైన పరిశీలన మనుషులతో సాధ్యం కాదు. కనుక మీ పట్టికలను మొదటి అధ్యాయంగా ఉంచుకోండి. అయితే ఆ పట్టికల నుంచి 'ఈ సైటు దివ్యాంగులకు అందుబాటులో ఉంది' అన్న తీర్పుకు వెళ్లడానికి దారి లేదని ఇరవై ఏళ్ల క్రితమే తేలిపోయింది. బ్రిటన్‌లో వికలాంగుల హక్కుల కమిషన్ 2004లో వెలువరించిన విచారణ నివేదిక కోసం వెయ్యి వెబ్‌సైట్ల ముఖపుటలను యంత్రంతో పరీక్షించారు, వాటిలో 81 శాతం కనీస స్థాయిని కూడా అందుకోలేదు. అదే విచారణలో 50 మంది దివ్యాంగుల చేత వంద సైట్లలో పనులు చేయించగా 585 సమస్యలు బయటపడ్డాయి. వాటిలో 45 శాతం అప్పటి మార్గదర్శకాల్లో ఏ అంశాన్నీ ఉల్లంఘించనివే. మార్గదర్శకాలు 2008లో 2.0 రూపానికి మారిన తరువాత, పవర్, ఫ్రెయిరి, పెట్రీ, స్వాలో అనే నలుగురు పరిశోధకులు 32 మంది చూపు లేని వాడుకరులతో 16 సైట్లను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం 1,383 సమస్యల్లో కొత్త మార్గదర్శకాల పరిధిలోకి వచ్చినవి 50.4 శాతమే. మీ గైడ్ గారికి ఈ రెండు అధ్యయనాలు చూపిస్తే, వాడుకరులతో పరీక్ష ఎందుకన్న ప్రశ్న మళ్లీ రాకపోవచ్చు.

అయిదుగురి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నీల్సన్, లాండౌర్ 1993లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఒక్కొక్క సమస్య ఒక్కొక్క వాడుకరికి ఎదురయ్యే సంభావ్యత సగటున 31 శాతం అనుకుంటే, అయిదుగురితో దాదాపు 85 శాతం సమస్యలు బయటపడతాయి. ఇందులో కీలకం ఆ 31 శాతమే. అది పది శాతానికి పడిపోతే అదే అయిదుగురు 41 శాతం సమస్యలనే చూపగలరు. వాడుకరులందరూ ఇంచుమించు ఒకే తీరువారైనప్పుడు ఆ సూత్రం పనికొస్తుంది. మీ విషయంలో ఒకరు ఎన్‌వీడీఏతో వింటారు, ఒకరు తెరను నాలుగు రెట్లు పెద్దది చేసుకుని చూస్తారు, ఒకరికి చేతులు వణుకుతాయి కాబట్టి మౌస్ వదిలి కీబోర్డ్ మీదే నడుపుతారు. వీరిలో ఒకరికి ఎదురైన అడ్డంకి మరొకరికి అసలు కనిపించకపోవచ్చు. ఒక్క సెమిస్టరే ఉంది కనుక అన్ని రకాల వైకల్యాలనూ మొక్కుబడిగా తాకడం కంటే, ఒకటి లేదా రెండు వర్గాలను తీసుకుని, ఒక్కో వర్గంలో ఆరుగురు లేదా ఎనిమిది మందితో లోతుగా చేయండి. ఫలితాన్ని శాతాల్లో చెప్పకండి. ఎనిమిది మందిలో ఆరుగురు పని పూర్తి చేయలేకపోతే ఎనిమిదిలో ఆరు అనే రాయండి, 75 శాతమని రాయగానే అది జనాభా మొత్తానికి వర్తించే లెక్కలా కనిపిస్తుంది.

పద్ధతి విషయంలో నేను పట్టుబట్టేవి కొన్ని ఉన్నాయి. వాడుకరులు తమ సొంత ఫోను లేదా ల్యాప్‌టాప్ మీదే, తమకు అలవాటైన గొంతు, వేగంతోనే పని చేయాలి. మీ ల్యాబ్ కంప్యూటర్ ముందు కూర్చోబెడితే సగం సమయం దాని అమరికలతో కుస్తీకే పోతుంది. 'మనసులో అనుకునేది పైకి చెబుతూ చేయండి' అనే పద్ధతి మన పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది గాని, స్క్రీన్ రీడర్ మాట వింటూ అదే సమయంలో తాను మాట్లాడటం ఎవరికైనా కష్టమే. పని ముగిశాక రికార్డింగును కలిసి వింటూ, ఆగిన ప్రతి చోట ఏమనుకున్నారో అడగండి. పనిని పూర్తి చేశారా, సాయంతో చేశారా, వదిలేశారా అన్నది ప్రధాన కొలత. పట్టిన సమయాన్ని కూడా నమోదు చేయవచ్చు, ఎందుకంటే పూర్తయిన పనిలో కూడా నష్టం దాగి ఉంటుంది: లాజర్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో వంద మంది చూపు లేని వాడుకరులు తమ వెబ్ సమయాన్ని డైరీగా రాస్తే, సగటున 30.4 శాతం సమయం చికాకు కలిగించే అడ్డంకుల వల్లే వృథా అయినట్టు తేలింది.

పాల్గొనేవారి పట్టికలో సదరం ధ్రువపత్రంలోని వైకల్య శాతాన్ని రాసే అలవాటు మన విద్యార్థుల్లో ఉంది. పింఛనుకు, రిజర్వేషనుకు ఆ శాతం కావాలి, మీకు దానితో పని లేదు. ఏ సహాయక సాంకేతికత వాడతారు, ఎన్నేళ్లుగా వాడతారు, ఏ భాష గొంతుతో వింటారు అన్నవి రాయండి. ఆధార్ సంఖ్య, ఓటీపీ రికార్డింగులో పడకుండా చూడటం మీ బాధ్యత. అసలు సైటులో దొంగ దరఖాస్తులు పంపడం తప్పు కాబట్టి, చివరి బటన్ నొక్కేముందు ఆగేలా పనిని రూపొందించుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందుగానే తీసుకోండి, దానికి పట్టే సమయమే మీ సెమిస్టరును ఎక్కువగా తినేస్తుంది. ఇంకొక మాట: రోహిణి కార్తె ఎండల్లో విజయవాడ నుంచి ఎవరినీ మీ కాలేజీకి రమ్మనకండి. మీరే వారి దగ్గరకు వెళ్లండి. వారి సమయానికి తగిన గౌరవ వేతనాన్ని ఖర్చుల పట్టికలో చూపండి.

బ్రాడీపేట_వకీలు

చట్టపరమైన నేపథ్యానికి ఒక పేజీ కేటాయించేటట్లయితే ఈ క్రమం ఉపయోగపడుతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలంటుంది. ప్రభుత్వ, ప్రైవేటు సేవలు రెండూ అందుబాటు నియమాలను పాటించడానికి 46వ సెక్షన్ గడువు విధించింది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో మొదలై, 2023లో మూడవ రూపం పొందాయి. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు 2017 నాటి నియమాల్లో అందుబాటు ప్రమాణాలకు సంబంధించిన 15(1) నియమాన్ని చట్టానికి విరుద్ధమని కొట్టివేసింది, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను, సలహాలుగా ఉండదగినవాటిని వేరు చేసి కొత్తగా రూపొందించాలని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలను అందుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ కేసు మొదలైంది మీ అంశానికి చాలా దగ్గరి చోట: కెమెరా ముందు కనురెప్ప ఆర్పితే తప్ప కేవైసీ పూర్తి కాదన్న నిబంధన వల్ల యాసిడ్ దాడి బాధితులు ఎదుర్కొన్న కష్టం. అక్కడ ఫారంలోని గడికి లేబుల్ ఉందా లేదా అన్న ప్రశ్నే తలెత్తలేదు. వాడుకరి ఆ పనిని పూర్తి చేయగలరా అన్నదే ప్రశ్న.

గుంటూరు_జిజ్ఞాసి

అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారి చివరి వాక్యం, శ్రోత గారు చెప్పిన ఊళ్ల జాబితా నాకు ఒకే దిశ చూపించాయి. సైట్ల సంఖ్య తగ్గించుకుని, బస్సు టికెట్ తీసుకోవడం, నోటిఫికేషన్ చదివి చివరి తేదీ కనుక్కోవడం అనే రెండు పనులకే పరిమితమవుతాను. ప్రతి అడ్డంకి పక్కన, దానిని పరికరం పట్టిందా లేదా అని చూపే ఒక గడి పెడతాను. ఆ తేడాయే నా ప్రాజెక్టుకు ప్రధానాంశం అవుతుంది. గైడ్ గారు కూడా ఇందుకు ఒప్పుకున్నారు. స్క్రీన్ రీడర్ వాడేవారు ఒక వర్గం. రెండవ వర్గంగా వినికిడి లేనివారిని తీసుకుందామనుకుంటున్నాను. పేజీలో శబ్దమేమీ లేదు కాబట్టి వారికి ఇబ్బంది తక్కువగా ఉంటుందని, పోలిక తేలికవుతుందని నా ఊహ. ఇది సరైనదేనా?

పటమట_టీచర్

నేను బధిర పిల్లలకు చాలాకాలంగా పాఠాలు చెబుతున్నాను. శబ్దం లేని పేజీ వారికి తేలిక అన్న ఊహతో మొదలుపెట్టకండి. చిన్ననాటి నుంచి సైగల భాషలో పెరిగినవారిలో చాలామందికి రాతలోని తెలుగు రెండవ భాష. 'దరఖాస్తుదారు ధ్రువీకరించబడిన ప్రతులను జతపరచవలెను' వంటి వాక్యం వారికి మనకంటే ఎన్నో రెట్లు బరువుగా ఉంటుంది. నిజానికి అది చాలామంది వినగలిగినవారికీ బరువే, ప్రభుత్వ తెలుగు రాసేవారు ఎప్పుడైనా దానిని ఎవరిచేతనైనా చదివించి చూస్తారా అని నాకు తరచూ అనుమానం వస్తుంది. సందేహం వస్తే ఫోను చేయమని ఒక నంబరు ఇవ్వడం, వివరాలు సరిచూసుకోవడానికి కాల్ వస్తుందని చెప్పడం వంటివి ఏ తనిఖీ పరికరం జాబితాలోనూ లోపాలుగా నమోదు కావు. వీడియోలకు వాక్యాలు తెర మీద వేయడం డబ్ల్యూసీఏజీలో కనీస స్థాయి నిబంధన, సైగల భాషలో అనువాదం మాత్రం అత్యున్నత స్థాయి అయిన ట్రిపుల్ ఏలో ఉంది. అందుకే డబుల్ ఏ అందుకున్న సైటు కూడా దానిని పట్టించుకోదు.

ఈ వర్గంతో పని చేయాలంటే సైగల భాష వ్యాఖ్యాత తప్పనిసరి. పాల్గొనేవారి తల్లిదండ్రుల చేతనో, అన్నదమ్ముల చేతనో మాట చెప్పించకండి, వారు జవాబులను తమకు తోచినట్టు సర్దేస్తారు. సమ్మతిని కూడా సైగల భాషలో వివరించి, అర్థమైందో లేదో తిరిగి అడిగి తెలుసుకోవాలి. ప్రశ్నావళి ఇచ్చి టిక్కులు పెట్టమంటే, అర్థం కాకపోయినా మర్యాద కోసం అన్నింటికీ 'బాగుంది' దగ్గర టిక్కు పెట్టి ఇస్తారు. ఇవన్నీ ఒక్క సెమిస్టరులో పట్టవనిపిస్తే, ఈ వర్గాన్ని తరువాతి అధ్యయనానికి వదిలి, చూపు తక్కువగా ఉండి తెరను పెద్దది చేసుకుని చదివేవారిని రెండవ వర్గంగా తీసుకోవడం మేలు.

పరిశోధన_బల్ల

టీచర్ గారి సూచనే నాదీ. తెర పెద్దది చేసుకునేవారితో మరొక లాభం ఉంది. పేజీని 400 శాతానికి పెంచినా పక్కకు జరపనక్కరలేకుండా చదవగలగాలని 2.1 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆంగ్ల పదాల కొలతలతో తయారైన బటన్లలో, పొడవైన తెలుగు మాటలు ఆ స్థాయిలో విరిగిపోతాయి, పైనున్న గుణింతాలు, కింది వత్తులు కత్తిరించినట్టవుతాయి. పరికరం ఇచ్చిన మార్కుకు, వాడుకరి అనుభవానికి మధ్య తేడా అక్కడ ఫోటోతో సహా చూపించవచ్చు.

కృష్ణలంక_శ్రోత

పాల్గొనేవారు కావాలంటే మా మిత్రుల్లో ఆసక్తి ఉన్నవారిని అడిగి చెబుతాను. ఆదివారాలైతే ఉద్యోగస్తులకు వీలవుతుంది. ముందుగా నాతో ఒకసారి నమూనాగా చేసి చూడండి, పనుల వివరణలో ఏదైనా తికమక ఉంటే అప్పుడే సవరించుకోవచ్చు. నా ఫలితాన్ని మాత్రం అసలు లెక్కలో కలపకండి, మీ ఉద్దేశం నాకు ముందే తెలిసిపోయింది కదా. సమ్మతి పత్రాన్ని దయచేసి స్కాన్ చేసిన కాగితంగా పంపకండి. యూనికోడ్ తెలుగులో టైపు చేసిన మామూలు వర్డ్ ఫైలు పంపితే, నాకు నేనే చదువుకుని, సంతకం బదులు గొంతు రికార్డు చేసి పంపుతాను. మీ కమిటీ దానిని అంగీకరిస్తుందో లేదో ఈ వారంలోనే అడిగి ఉంచండి.